నాన్న అడిగిన ఐదు ప్రశ్నలు

ఆ వేసవిలో జరిగినదానికంతటికీ మూలం నేను ఒక్క మాట వదిలేయడం.

మావాళ్లు లావోస్ యుద్ధంలో అడవుల వెంట పారిపోయి అమెరికా చేరిన మోంగ్ జనం. మా ఇంటికి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నా తొమ్మిదో ఏట నుంచీ నేనే చదివి, మా మోంగ్ భాషలో చెప్పేదాన్ని. కరెంటువాళ్ల నోటీసులు, నానమ్మ ఆస్పత్రి కాగితాలు, చెల్లెలు పాంగ్ బడి నుంచి వచ్చే చీటీలు, అన్నీ. తొమ్మిదేళ్ల అనుభవంలో నాకో పద్ధతి ఏర్పడింది. కాగితంలో ఉన్నదంతా చెప్పను. వినేవాళ్ల మొహం చూసి, వాళ్లకు ఎంత కావాలో అంతే చెబుతాను. జూలై ఆఖర్లో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు కూడా, సెయింట్ పాల్‌లో మా వంటింటి బల్ల ముందు కూర్చుని అదే చేశాను.

"ఏమంటున్నారు వాళ్లు?" అన్నాడు నాన్న. టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చాడు.

"తరగతులకి ముందు ఐదు రోజుల కార్యక్రమం ఉందిట. రంగున్న పిల్లలందర్నీ ముందే రమ్మంటున్నారు."

"ఏ రంగు?"

"అన్ని రంగులూ."

"తెల్లవాళ్లు కూడానా?"

"వాళ్లు కాదు."

"మరి అన్ని రంగులూ అంటావేం?"

నేను ఉత్తరంలోకి మళ్లీ చూశాను. అందులో దానికి జవాబు లేదు.

"ఇంతకీ మనది ఏ రంగు?" అంది నానమ్మ, స్టవ్ పక్కన పీట మీద నుంచి.

అమ్మ తన ముంజేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. వాళ్లు ఎప్పుడు రమ్మన్నారో దాన్నిబట్టి ఉంటుంది" అంది.

"అక్కడేం చేస్తారు?" అన్నాడు నాన్న.

"అందరూ రకరకాలుగా ఉండటం మంచిదేనని చెబుతారు."

"అది చెప్పడానికి ఐదు రోజులా?"

గబగబా కింది వాక్యానికి వెళ్లాను. "కుటుంబ సభ్యులకి కూడా ఆహ్వానం" అని చదివేశాను. అక్కడ అసలు రాసి ఉన్నది "మొదటి రోజు మధ్యాహ్న భోజనానికి కుటుంబ సభ్యులకు ఆహ్వానం" అని. భోజనం సంగతి వదిలేశాను. వాళ్లు ఎలాగూ రారు కదా అనుకున్నాను.

నేను అంత దూరం వెళ్లి చదవడం నాన్నకు ఇష్టం లేదు. వద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. "మన వీధి చివర బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో కాలేజీ ఉంది. అదీ కాలేజే" అని మాత్రం వారానికోసారి అనేవాడు. నేను వెళ్లిపోతే నానమ్మను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, డాక్టరుతో ఎవరు మాట్లాడతారు అన్నది ఆయన అడగని ప్రశ్న. అడగకపోయినా అది రోజూ మాతోపాటు అన్నానికి కూర్చునేది.

"సరే" అన్నాడు చివరికి. "ఐదు రోజులు చూసొద్దాం. ఆ తర్వాత ఇంటికొచ్చేయ్."

'చూసొద్దాం' అన్నాడని నాకు ఆలస్యంగా వెలిగింది. ఆగస్టులో బయల్దేరే రోజు పొద్దున వ్యాను ఎక్కబోతే అందులో బియ్యం మూట, ఆవిరి మీద అన్నం వండే వెదురు బుట్ట, రాతి రోలు, ఐస్ పెట్టెలో ఆరు కోళ్లు, నాన్న గాలపు కర్రలు, ఐదుగురికి సరిపడా బొంతలు ఉన్నాయి. బొంతల మీద నానమ్మ కూర్చుని ఉంది.

*

అయోవా రాష్ట్రంలో ఆ కాలేజీ మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరిలో ఉంది. ఆ ఏడాది కొత్తగా చేరిన నాలుగు వందల మందిలో రంగున్నవాళ్లం పదహారుగురం. కార్యక్రమం నడిపే లొరెయిన్ టిబ్స్ మేడం లావుపాటి నల్లజాతి మనిషి. మెడలో ఈల, చేతిలో కాగితాలు బిగించిన అట్ట, మొహం మీద ఎప్పుడూ చెమట. ఆ పదహారుగురినీ ఆ కాలేజీకి రప్పించడానికి ఆవిడకు ఏడాది పట్టిందని తర్వాత తెలిసింది. అందుకే మా అందర్నీ గాజు సామాను చూసినట్టు చూసేది.

మొదటి రోజు భోజనాలయ్యాయి. మూడు గంటలకు మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని కౌగిలించుకుని, కళ్లు తుడుచుకుని కార్లెక్కారు. మావాళ్లు మాత్రం చెట్టు కింద చాప పరిచారు. టిబ్స్ మేడం వచ్చి నా పక్కన నిలబడింది.

"మీవాళ్లు ఎప్పుడు బయల్దేరుతున్నారమ్మా?"

"ఆవిడేమంటోంది?" అన్నాడు నాన్న.

ఇక దాచే దారి లేదు. ఆహ్వానం భోజనం వరకేనని చెప్పాను.

నాన్న లేచి చాప చుట్టాడు. పిలవని ఇంట్లో కూర్చున్నట్టు ఆయన మెడ ఎర్రబడింది. అందర్నీ వ్యాను ఎక్కించాడు. "నువ్వు ఐదు రోజులయ్యాక బస్సులో రా" అని నాతో చెప్పి గేరు మార్చాడు. వ్యాను కాలేజీ గేటు దాకా వెళ్లి, రాళ్లు మింగినట్టు పెద్ద చప్పుడు చేసి, సరిగ్గా 'స్వాగతం' అన్న బోర్డు కింద ఆగిపోయింది.

ఊళ్లో మెకానిక్ వచ్చి చూశాడు. గేరుబాక్సు పోయింది, కొత్తది రావడానికి మూడు రోజులు పడుతుంది అన్నాడు. టిబ్స్ మేడం హాస్టలు కింది అంతస్తులో ఖాళీగా ఉన్న రెండు గదుల తాళాలు తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"కుటుంబాలు ఉంటే మాకూ బాగుంటుందని చెప్పమ్మా" అంది నాతో.

"ఆవిడ ఉండమని బతిమాలుతోంది" అని చెప్పాను నాన్నకు. ఆయన మెడ మామూలు రంగుకు వచ్చింది.

*

రెండో రోజు మధ్యాహ్నం పదహారుగురం హాస్టలు హాల్లో గుండ్రంగా కూర్చున్నాం. చిన్నప్పటి నుంచీ మనం ఎక్కడెక్కడ పరాయివాళ్లమని అనిపించిందో ఒక్కొక్కరూ చెప్పాలి. మొదట డెస్మండ్ ఏకర్స్ లేచాడు. చికాగో దగ్గర డాక్టరు గారి అబ్బాయి. చొక్కాకు ఇస్త్రీ, ఆ ఇస్త్రీ చెదరకుండా కూర్చునే పద్ధతీ రెండూ ఉన్నవాడు. వాళ్ల బడి మొత్తంలో నల్లపిల్లలు ఇద్దరే ఉండేవారని, టీచర్లు తనను రెండోవాడి పేరుతో పిలిచేవారని చెబుతూ ఉండగా అతని గొంతు పట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పర్లేదు నాయనా. ఏడువు. ఇక్కడ ఏడవడంలో తప్పు లేదు" అంది టిబ్స్ మేడం.

డెస్మండ్ పక్కనున్న అమ్మాయి కూడా కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాతి అబ్బాయీ మొదలెట్టాడు. అర నిమిషంలో గుండ్రమంతా ఏడుస్తోంది. ఇన్నేళ్లలో తన కార్యక్రమం ఇంత బాగా ఎప్పుడూ సాగలేదన్నట్టు టిబ్స్ మేడం రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఆ వెంటనే పెద్దగా తుమ్మింది.

నాకు విషయం అర్థమైంది. క్యాంటీన్‌లో పెట్టిన కోడికూర ఉడకబెట్టిన దూదిలా ఉందని అమ్మ పొద్దున్నే అంది. కింద వంటగదిలో ఎండుమిరపకాయలు వేయిస్తోంది.

"మేడం, అది ఏడుపు కాదు" అనేలోపు ప్రమాద గంట మోగింది. దగ్గుకుంటూ అందరం గడ్డి మీదకు పరుగెత్తాం. ఫైరింజను వచ్చింది. ముసుగు తొడుక్కుని లోపలికి వెళ్లిన మనిషి ఒక చేత్తో పెనం, ఇంకో చేత్తో అమ్మను పట్టుకుని బయటికొచ్చాడు. అమ్మ పెనాన్నే చూస్తోంది.

"మాడిపోయాయి. గంట మోగగానే స్టవ్ ఆర్పనివ్వకుండా లాక్కొచ్చాడు వీడు" అంది.

"ఏమంటున్నారు?" అన్నాడు ఫైరింజను మనిషి.

"మీకు ధన్యవాదాలు చెబుతోంది" అన్నాను.

నా గదిలో ఉండబోయే గ్రసియేలా, టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు ఊరి పిల్ల, మాత్రం కళ్లు మూసుకుని గాలి పీలుస్తోంది. "అచ్చం మా ఇంటి వాసన. ఇది తినడానికి ఎప్పుడు రమ్మంటావో మీ అమ్మని అడుగు" అంది.

ఆ సాయంత్రం పదహారుగురూ క్యాంటీన్ మానేసి కింది అంతస్తులో చాప మీద కూర్చున్నారు. టిబ్స్ మేడం కూడా వచ్చింది. డెస్మండ్ చేత్తో అన్నం ముద్ద తీయడం రాక మూడుసార్లు ఒళ్లో పడేసుకుంటే నానమ్మ అతని ముంజేయి పట్టుకుని నేర్పింది. కాలేజీ ప్రచార పుస్తకం కోసం ఫొటోలు తీసే ఆయన అప్పుడే వచ్చి నానమ్మను కూడా తీశాడు. మర్నాడు ఎవరిదో రసాయనశాస్త్రం పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టి మళ్లీ తీశాడు. ఆ ఫొటో మరుసటి ఏడాది పుస్తకంలో అచ్చయింది. కింద 'మా కొత్త విద్యార్థులు' అని ఉంది.

*

మూడో రోజు పొద్దున గ్రంథాలయం ముందు గడ్డి మీద మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ముందు గ్రంథాలయం మెట్లు, వెనక ముళ్ల పొదలు. టిబ్స్ మేడం అట్ట చూసి చదువుతుంది. మాకు వర్తిస్తే ఒక అడుగు ముందుకో వెనక్కో వేయాలి. ఎవరికి పుట్టుకతోనే ఎంత వెసులుబాటు దొరికిందో కళ్లారా చూపించడం దాని ఉద్దేశం. నాన్న, చెల్లెలు పాంగ్ పక్కన బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు.

"ఇంట్లో యాభై కంటే ఎక్కువ పుస్తకాలు ఉన్నవాళ్లు ఒక అడుగు ముందుకి."

డెస్మండ్ ముందుకు వెళ్లాడు.

"తల్లిదండ్రుల్లో ఎవరైనా కాలేజీలో చదివి ఉంటే ముందుకి."

డెస్మండ్ మళ్లీ వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా తప్పు చేసినవాడిలా వెనక్కి తిరిగి మావైపు చూస్తున్నాడు.

"ఎప్పుడైనా సర్కారు కూపన్లతో సరుకులు తెచ్చుకుని ఉంటే వెనక్కి. చిన్నప్పుడు పెద్దవాళ్ల కోసం ఇంగ్లీషులోంచి తర్జుమా చేసి ఉంటే వెనక్కి."

పది నిమిషాల్లో డెస్మండ్ మెట్లెక్కి గ్రంథాలయం తలుపు దగ్గరికి చేరాడు. నేను పొదల్లోకి వెళ్లాను. నా లంగా ముళ్లకు చిక్కుకుంది.

"నాన్నా, అక్క ఓడిపోతోంది" అంది పాంగ్, అందరికీ వినబడేలా.

నాన్న లేచి గడ్డి దాటి వచ్చాడు. నా లంగాను ముల్లు నుంచి విడిపించాడు.

"ఏం ఆట ఇది? ఎందుకు వెనక్కి పోతున్నావ్?"

"ఆట కాదు నాన్నా. ప్రశ్నలు అడుగుతారు."

"ఇప్పుడు దేనికి వెనక్కి వేశావ్?"

ఎన్నో జవాబులు చెప్పగలిగేదాన్ని. ఎందుకో ఆ రోజు వదిలేయలేకపోయాను.

"మీకోసం మాటలు చెప్పినందుకు."

నాన్న కాలితో గడ్డిని ఒకసారి రాశాడు. తర్వాత టిబ్స్ మేడం వైపు తిరిగాడు.

"నేను కూడా కొన్ని ప్రశ్నలు అడగొచ్చేమో ఆవిడని అడుగు. అందర్నీ మళ్లీ మొదట్నుంచి నిలబడమను."

అడిగాను. టిబ్స్ మేడం ఒక్క క్షణం అట్ట చూసుకుంది. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని ఈల ఊదింది.

నాకు రెండు ఉద్యోగాలు పడ్డాయి. నాన్న పక్కన నిలబడి ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పాలి. పరుగెత్తుకుంటూ వెళ్లి వరసలో నా చోట నిలబడి అడుగు వేయాలి. మళ్లీ నాన్న దగ్గరికి పరుగెత్తాలి.

"కోడిని కోసి, ఈకలు తీసి, ముక్కలు కొట్టడం వచ్చినవాళ్లు ముందుకి. రానివాళ్లు వెనక్కి."

నేనూ గ్రసియేలా ఇంకో ఇద్దరూ ముందుకు వెళ్లాం. డెస్మండ్ వెనక్కి అడుగు వేశాడు.

"తమ్ముణ్ణో చెల్లెల్నో వీపున కట్టుకుని మోసినవాళ్లు ముందుకి."

డెస్మండ్ మళ్లీ వెనక్కి. అతను ఒక్కడే కొడుకు.

"నానమ్మతో నానమ్మ భాషలోనే మాట్లాడగలిగేవాళ్లు ముందుకి."

డెస్మండ్ చెయ్యెత్తాడు. "మా నానమ్మది కూడా ఇంగ్లీషే. లెక్కలోకి వస్తుందా అని అడుగు."

నాన్న ఆలోచించాడు. "మాట్లాడతాడా ఆవిడతో?"

"ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాట్ట."

"అర అడుగు" అన్నాడు నాన్న. డెస్మండ్ కొలిచినట్టు అర అడుగు ముందుకు వేశాడు. వరసంతా నవ్వింది. అతను కూడా నవ్వాడు. వచ్చిన తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి.

"అడవిలో నేల మీద పడుకున్నవాళ్లు ముందుకి."

ఏడెనిమిది మంది కదిలారు. నాన్న ఆశ్చర్యపోయాడు. "ఇంతమందా? పాపం, ఎవరు తరిమారు వీళ్లని?"

"ఎవరూ తరమలేదు నాన్నా. సరదాకి వెళ్లి పడుకున్నారు."

"సరదాకా?"

"సెలవుల్లో."

నాన్న వాళ్లను చాలాసేపు చూశాడు. "వాళ్లని ఉన్నచోటే ఉండమను" అన్నాడు.

అప్పటికి డెస్మండ్ అందరికంటే వెనకున్నాడు. టిబ్స్ మేడం అట్టతో విసురుకుంటూ, నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. నాన్న వరస కేసి కాకుండా నా కేసి తిరిగాడు.

"ఇంకొక్కటి. అమ్మానాన్నలతో ఇంటికెళ్లిపోవాలని ఉన్నవాళ్లు ఒక అడుగు ముందుకి రమ్మను."

ఆ ప్రశ్నను నేను ఒక్క మాట కూడా తగ్గించకుండా, పెంచకుండా ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత వరసలోకి వెళ్లాను. ఈసారి పరుగెత్తలేదు.

అందరి వెనక నుంచి డెస్మండ్ ముందుకు ఒక పూర్తి అడుగు వేశాడు. వేసి, తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు. ఇంకో అమ్మాయి కూడా వేసింది. నాన్న వాళ్లిద్దర్నీ చూశాడు. ఆ తర్వాత నా పాదాలను చూశాడు. అవి ఉన్నచోటే ఉన్నాయి. ఆయన తొందరపడలేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా కాసేపు ఎదురుచూశాడు.

"సరే, అంతే. నా ప్రశ్నలు అయిపోయాయి" అని బెంచీ పక్కన నిలబడి ఉన్న పాంగ్ తల నిమిరాడు. "పద, వ్యాను సంగతేమైందో చూద్దాం."

టిబ్స్ మేడం ఆయన ఏమన్నాడని నన్ను అడగలేదు.

*

మర్నాడు మధ్యాహ్నానికి వ్యాను బాగైంది. బయల్దేరే ముందు నానమ్మ తెల్లదారం ఉండ తీసి, మా ప్రాణాలు ఒంట్లోనే కుదురుగా ఉండాలని ఒక్కొక్కరి మణికట్టుకూ కట్టింది. డెస్మండ్‌కు రెండు కట్టింది.

"వీడి ప్రాణం అప్పుడే వాళ్లింటికి వెళ్లి అన్నం తింటోంది. ఒక దారంతో రాదు" అంది.

నేను అతనికి మొత్తం చెప్పాను. "నిజమే" అన్నాడు డెస్మండ్. ఆ దారాలు నల్లబడి ఊడిపోయేదాకా అతని ఇస్త్రీ చొక్కా చేతుల కింద అవి కనబడుతూనే ఉన్నాయి.

నాన్న వ్యాను తలుపు వేస్తూ, "ఉత్తరాలు పాంగ్ చదువుతుందిలే. పదమూడేళ్లొచ్చాయి" అన్నాడు. నువ్వు ఉండిపో అని అనలేదు. బియ్యం మూటలో మిగిలింది మాత్రం నా గదిలో దింపి వెళ్లాడు.

పాంగ్ చదివింది. నా పద్ధతి నాకంటే బాగా వంటబట్టించుకుంది. అక్టోబరులో బడివాళ్లు అమ్మానాన్నల్ని పిలిచారు. టీచరు పది నిమిషాలు మాట్లాడింది. పాంగ్ దాన్ని ఒక్క వాక్యంలోకి కుదించింది.

"క్లాసులో నేను చాలా బాగా మాట్లాడుతున్నానట."

అమ్మ టీచరు మొహం చూసింది. కూతురి మొహం చూసింది. ఆ మొహాన్ని తొమ్మిదేళ్లుగా ఇంకో కూతురి మీద కూడా చూస్తూనే ఉందన్న సంగతి అప్పుడు తట్టిందని తర్వాత నాతో చెప్పింది. ఆ సోమవారమే వెళ్లి చర్చి కింది గదిలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పే తరగతిలో పేరు రాయించుకుంది. నాన్న కోళ్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి తనే అన్నం వండుకున్నాడట. మొదటి వారం వెదురు బుట్ట అడుగు కాల్చాడని పాంగ్ ఫోన్లో చెప్పింది. ఆ విషయం మాత్రం అది కుదించలేదు.

నవంబరులో తొలి మంచు పడ్డ రోజు మధ్యాహ్నం, వరండాలో ఫోన్ మోగితే గ్రసియేలా తీసింది.

"జువా, ఎవరో పెద్దావిడ. నిన్నే అడుగుతోంది, ఇంగ్లీషులో. ఆఫీసు నుంచేమో."

రిసీవరు తీసుకున్నాను.

"హలో. నేను జువా యొక్క అమ్మ" అంది అవతలి గొంతు, ఇంగ్లీషులో.

"అమ్మా? ఏమైంది? నానమ్మకి బాగానే ఉందా?" అన్నాను మా భాషలో.

"ఇంగ్లీషు" అంది అమ్మ. "ఈ రోజు నేను డాక్టరు దగ్గరికి వెళ్లింది. నానమ్మ కూడా వెళ్లింది. పాంగ్ రాలేదు, పాంగ్ బడిలో ఉంది. డాక్టరు మాట్లాడింది. నేను మాట్లాడింది. డాక్టరు చెప్పింది, నానమ్మ రక్తం..."

అక్కడ ఆగిపోయింది. మాట కోసం వెతుకుతోంది. నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది.

"రక్తపోటా అమ్మా? నువ్వు అనేది..."

"ఆగు. నేను చెప్తుంది. నువ్వు విను."

గోడకు ఆనుకుని విన్నాను. వెనకాల నాన్న నానమ్మతో నెమ్మదిగా మాట్లాడమని అంటున్నాడు. కిటికీలోంచి మంచు పడటం కనిపిస్తోంది. అమ్మ చాలాసేపు వెతికింది. చివరికి దొరికింది.

నానమ్మ రక్తంలో వాతావరణం బాగుందట.

నేను సరిచెయ్యలేదు.